గంట శ్రుతి

హాలు ఆఫీసు గది,
వానలు పట్టిన వారం.

కీచురాయీ,

ఉత్తరం చూసి కంగారు పడకు, అందరం బాగానే ఉన్నాం. ఫోన్ చేస్తే నువ్వు "ఊఁ", "ఆఁ", "సరే వదినా" తప్ప నాలుగో మాట మాట్లాడవు. పైగా ఫోన్ ఉండేది కొట్లో. పక్కనే మీ అన్నయ్య ఫ్రేములకి మేకులు కొడుతూ చెవులు మాత్రం ఇటే వేసి ఉంటారు. అందుకని కాగితం పట్టాను.

మన పెద్దదానికి పెళ్లి కుదిరింది. అబ్బాయి బళ్లో పిల్లలకి కీబోర్డు నేర్పుతాడు. మాట నెమ్మది, మనిషి నెమ్మది. మీ అన్నయ్య పక్కన కూర్చోబెడితే ఉరుము పక్కన చినుకులా ఉన్నాడు. చలి మొదలయ్యాక పెళ్లి, మన హాల్లోనే.

హాలు సంగతి అడక్కు. బుకింగులు నేనే రాసుకోవాలి, కుర్చీలు నేనే లెక్క చూసుకోవాలి, కురిసే చోట బకెట్లు నేనే పెట్టాలి. మొన్న ఎవరిదో పుట్టినరోజు జరిగితే గోడల నిండా బెలూన్ ముక్కలు, అవి గీకేసరికి నడుము పడిపోయింది. ఇది చాలదన్నట్టు ప్రతి శనివారం మన పాటల బృందం సాధన. పేరుకే బృందం, సగం మందికి మోకాళ్ల నొప్పులు, మిగతా సగానికి దగ్గు. మన చిన్నదాన్ని వచ్చి పాడమంటే దానికి పాటంటే బద్ధకం. తల ప్రాణం తోకకి వస్తోందంటే నమ్ము.

ఇక అసలు సంగతి. మామయ్యగారు కట్టిన పెళ్లి పాట ఉంది కదా, "తలుపు తీసే ఉంది, లోపలికి రండి" అనే పాట. మన ఇంట్లో ఏ ఆడపిల్ల పెళ్లికైనా దాన్ని పిల్ల మేనత్తే ఎత్తుకోవాలి, మొదటి చరణం తనొక్కతే పాడాలి, ఆ తర్వాతే గుంపు అందుకోవాలి. నా పెళ్లికి మా మేనత్త లేదని మీ మేనత్త చేత పాడించారు మామయ్యగారు. పెద్దదానికి ఉన్న మేనత్తవి నువ్వొక్కదానివి. మామయ్యగారి సంతాప సభ రోజు వెళ్లినదానివి మళ్లీ ఈ హాలు గుమ్మం తొక్కలేదు. ఎందుకో నాకు తెలుసు, తెలియనట్టు నటించే వయసు దాటిపోయాను. అయినా అడుగుతున్నా. వచ్చి పాడు.

మీ అన్నయ్య చెప్పమన్నారా అని అడుగుతావు. చెప్పమనలేదు. వద్దనీ అనలేదు.

నీ వదిన


ఆసుపత్రి లాండ్రీ,
మధ్యాహ్నం టీ వేళ.

వదినా,

పెద్దదాని పెళ్లి మాట విని సంతోషంగా ఉంది. ఈ ఉత్తరం దుప్పట్ల కట్ట మీద పెట్టి రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే తిట్టకు. ఇక్కడ ఎండబెట్టే యంత్రాలు పొద్దున్నించి సాయంత్రం దాకా ఊఁ అని మూలుగుతూనే ఉంటాయి. పైవార్డుల నుంచి దుప్పట్లు వస్తాయి, ఉతుకుతాం, మడుస్తాం, పంపుతాం. మళ్లీ అవే వస్తాయి. ఎవరి దుప్పటి ఎవరిదో మాకు తెలియదు, తెలియకపోవడమే మంచిది.

పెళ్లికి వస్తాను. చివరి వరసలో కూర్చుంటాను. కావాలంటే వంటగదిలో గిన్నెలు తోముతాను. పాడను.

నువ్వు తెలుసునన్నావు కాబట్టి దాచడం ఎందుకు. నాన్న సభ రోజు నేను పాట ఎత్తుకున్నాను. గుంపు వేరే చోట అందుకుంది. నేనొక దారి, హాలంతా ఒక దారి. అన్నయ్య చెయ్యెత్తి అందరినీ ఆపి, "శ్రుతి తప్పావమ్మా, కూర్చో" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. కోపంగా అని ఉంటే తిరిగి ఒక మాట అనేదాన్ని. జాలిగా అన్నాడు. కూర్చున్నాను.

తప్పిందంటే తప్పే ఉంటుంది. అంతమంది ఒకవైపు, నేనొక్కదాన్ని ఒకవైపు. చెవి పోయినవాళ్లకి చెవి పోయిందని తెలియదట. ఆ రోజు నుంచి నేను కూనిరాగం కూడా తీయలేదు. అలవాటైపోయింది. బాధగా కూడా ఉండదు ఇప్పుడు.

పాటకి మన బృందంలో టైలరు గారి భార్యని అడగండి. ఆవిడ గొంతు బాగుంటుంది.

ఇంకోటి. నన్ను కీచురాయి అనకు వదినా. కూత మానేసిన పురుగుని ఆ పేరు పెట్టి పిలవకూడదు.

మీ ఆడపడుచు


హాలు ఆఫీసు గది,
శనివారం, సాధన అయ్యాక.

అమ్మా ఆడపడుచు గారూ,

చూశావా, ఎంత మర్యాదగా రాశానో! ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అనలేదు పెద్దలు. అసలు మొగుడు మాట వినడు, అర్ధమొగుడు మాట ఇవ్వదు, మధ్యలో నేను అడకత్తెరలో పోకచెక్కనై చస్తున్నాను.

గిన్నెలు తోముతావా? తోముదువు గాని రా. నీకు అంతకన్నా పెద్ద పని చెబుతాను.

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నాకు ఏ పనీ సాగలేదు. కూనిరాగం కూడా లేదంటావేంటే! నేను కాపురానికి వచ్చిన కొత్తలో నువ్వు బట్టలు ఆరేస్తూ పాడితే పక్కింటివాళ్లు కిటికీ తెరిచేవాళ్లు. అప్పుడే కదా మీ అన్నయ్య నీకు ఆ పేరు పెట్టింది. మురిపెంగానే పెట్టారు, ఆ సంగతి నువ్వు మర్చిపోయినా నేను మర్చిపోలేదు.

టైలరు గారి భార్యని అడిగితే, "అమ్మో, మేనత్త ఉండగా నేనా!" అని చెంపలు వేసుకుంది. 

కాబోయే అల్లుడు సాధనకి వస్తున్నాడు. మన బృందానికి వాయిద్యం అచ్చిరాదని తెలుసుగా, "గొంతున్నవాడికి పెట్టె ఎందుకు" అన్న మామయ్యగారి మాట మీ అన్నయ్యకి వేదం. అయినా అల్లుడు కదా, కాదనలేక కీబోర్డు పెట్టుకోనిచ్చారు. అక్కడ ఒక చిన్న వింత చూశాను. మీ అన్నయ్య గొంతు సవరించుకుని శ్రుతి ఇవ్వగానే అతను ఏదో మీట గబగబా నొక్కుతాడు. చిన్న తెర మీద అంకె ఒకటి మారుతుంది. అంకె ముందు ఒక గీత కూడా ఉంది, తీసివేతల్లో పెడతామే, అది. "అదేంటి బాబూ?" అంటే, "ఏం లేదండీ, పెద్దవాళ్లు ఎక్కడ పాడితే అక్కడికి మనమే వెళ్లాలి కదండీ" అన్నాడు. ఇంకా అడిగితే చెవులు ఎర్రబడ్డాయి పాపం.

అది సరే గాని, ఒక సంగతి చెప్పు. మామయ్యగారి రోజుల్లో పాట ఎక్కణ్నుంచి ఎత్తుకునేవాళ్లు? అంటే, శ్రుతి ఎవరు ఇచ్చేవాళ్లు? నేను అప్పుడు వంటగదిలో ఉండేదాన్ని, సరిగ్గా గుర్తు లేదు. ఊరికే అడుగుతున్నా.

నీ వదిన


ఆసుపత్రి లాండ్రీ,
ఆదివారం డ్యూటీ.

వదినా,

నువ్వు ఊరికే ఏదీ అడగవు. అయినా చెబుతాను.

ఎవరూ ఇచ్చేవాళ్లు కాదు. గంట ఇచ్చేది. హాలు నడిమధ్య, వేదిక ముందు, దూలానికి కంచు గంట ఉండేది చూడు, అందరూ వచ్చి కూర్చోవాలని కొట్టే గంట. నాన్న తన పాటలన్నీ దాని మీదే కట్టాడు. గంట కొట్టి, చప్పుడంతా పోయి చివరి మోత మిగిలేదాకా ఆగమనేవాడు. "ఇప్పుడు దాని మీద అడుగు పెట్టు" అనేవాడు. నన్నూ అన్నయ్యనీ బల్ల మీద నిలబెట్టి అలాగే నేర్పాడు. అన్నయ్య తొందరపడేవాడు, చప్పుడు పోకముందే అందుకుని మొట్టికాయలు తినేవాడు. నాకు ఒక్కటీ పడలేదు. అందుకే నా మీద కుళ్లు.

నేను ఉద్యోగానికి వచ్చేసేటప్పటికి గంట ఉంది. నాన్న మంచాన పడ్డాక, పోవడానికి కొన్నేళ్ల ముందే, పైకప్పు బాగు చేయిస్తూ దింపేశారని విన్నాను. సభ రోజు చూస్తే దూలం ఖాళీగా ఉంది. పర్వాలేదు, అది నా చెవిలో ఉందనుకుని ఎత్తుకున్నాను. తర్వాత జరిగింది నీకు తెలుసు.

ఇవన్నీ ఎందుకు తవ్వుతున్నావు? గంట ఇప్పుడు ఎక్కడుంది?

ఈ ఉత్తరం రాస్తూ ఉంటే యంత్రం ఒకటి ఆగింది. ఆ నిశ్శబ్దంలో ఎందుకో గంట వినిపించినట్టయింది. మళ్లీ నవ్వొచ్చింది. పోయిన చెవికి ఇంత పౌరుషమా అని.

మీ ఆడపడుచు


హాలు స్టోరు గది,
పాత కర్టెన్ల మధ్య కూర్చుని.

కీచురాయీ,

ఆ పేరుతోనే పిలుస్తాను, ఉత్తరం అయ్యాక నువ్వే చెబుదువు గాని.

గంట ఎక్కడుందో తెలుసా? స్టోరు గది తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టి ఉంది. రోజూ కాలి వేలికి తగిలితే, "ఈ దిక్కుమాలిన ముద్ద ఎవరు పెట్టారో" అని తిట్టుకుంటూ తిరిగాను. పెట్టింది నేనే. నీ ఉత్తరం రాగానే టైలరు గారినీ అల్లుణ్నీ పిలిచి, దాన్ని తుడిచి, నిచ్చెన మెట్టుకి తాడు కట్టి వేలాడదీయించాను. దుమ్ము దులిపే కర్ర తిరగేసి కొట్టాను.

టైలరు గారు అక్కడే కూలబడ్డారు. "మాస్టారు లేచొచ్చినట్టుందమ్మా" అని మామయ్యగారిని తలుచుకున్నారు. 

నువ్వు చెప్పినట్టు మోత సన్నబడేదాకా ఆగాం. అల్లుడు కీబోర్డు మీద వెతికి, ఇదిగోనండీ గంట అని ఒక మెట్టు నొక్కాడు. అచ్చం అదే. "మరి శనివారం మనవాళ్లు ఎత్తుకునేది?" అన్నాను. నసిగాడు. "చెప్పు బాబూ, ఇల్లు మునిగిపోదు" అన్నాను. వేలు కిందికి జరిపి, ఇంకా జరిపి, మరో మెట్టు నొక్కాడు. నాకు సంగీతం రాదు, మెట్లు దిగడం తెలుసు. మేడ మీద మొదలుపెట్టాల్సిన పాటని మనవాళ్లు నేల మీద మొదలుపెడుతున్నారు.

నాకు అర్థమైనంత ఇదీ. గంట దింపాక శ్రుతి మీ అన్నయ్య గొంతులోంచి వస్తోంది. వయసుతో ఆయన గొంతు దిగుతోంది. ఆయన కాస్త దిగితే గుంపూ కాస్త దిగింది. వారం వారం కలిసి దిగితే ఎవరికి తెలుస్తుంది? పిల్లలు పొడుగు పెరగడం ఇంట్లోవాళ్లకి తెలియదు, చుట్టాలొచ్చి అంటే తెలుస్తుంది. ఆ రోజు చుట్టానివి నువ్వు.

నువ్వు తప్పలేదే. ఆ హాల్లో సరిగ్గా ఉన్నది నువ్వొక్కదానివే.

అయ్యో, ఇంకో సంగతి. రెండోసారి గంట కొట్టేసరికి గుమ్మంలో మీ అన్నయ్య. చేతిలో వార్నిష్ బ్రష్షు అలాగే ఉంది, కొట్లోంచి పరుగెత్తుకొచ్చినట్టున్నారు. "ఎవరు కొట్టింది?" అన్నారు.  ఆయనకి చెప్పాల్సిన అవసరం లేకపోయింది. మోత మీద పాట అందుకోబోయారు, మెల్లగా, తనలో తాను. రెండో మాటకే అందక గొంతు ఆగిపోయింది. బ్రష్షు నేల మీద వార్నిష్ కారుస్తోంది, తుడుచుకోవాలని కూడా లేదు ఆయనకి. వెనక్కి తిరిగి వెళ్లిపోయారు. రాత్రి కంచం ముందు కూర్చుని లేచారు.

ఏం చెయ్యాలో నువ్వే చెప్పు. నాకు బుర్ర పనిచేయడం లేదు.

నీ వదిన


ఆసుపత్రి క్వార్టర్సు,
నిద్ర పట్టక.

వదినా,

ఏం చెయ్యాలో నన్ను అడుగుతున్నావా? చేతులు కాలాక ఆకులు నేను తెచ్చివ్వాలా?

ఇక్కడ పిల్లల వార్డు ఉంది. చాలా కాలం కిందట ఆ వార్డు హెడ్ నర్సు దుప్పట్లు తీసుకోవడానికి వచ్చి, "సాయంత్రాలు పిల్లలు ఏడుస్తున్నారు, మీ ఇంట్లో అందరూ పాడతారట కదా, వచ్చి కాసేపు పాడతారా" అంది. నాకు రాదన్నాను. ఆవిడ మళ్లీ మళ్లీ అడిగింది. శ్రుతి లేని పాట పిల్లలకి ఎందుకు వినిపించడం అనుకుని ఎదురుపడితే పక్క దారిన వెళ్లడం మొదలుపెట్టాను. ఆవిడ రిటైరై వెళ్లిపోయింది. వెళ్లే రోజు కూడా అడిగింది.

ఆ సాయంత్రాలన్నీ ఎవరు తెచ్చిస్తారు నాకు? "కూర్చో" అని ఒక్క మాట అన్నాడు. నేను ఇన్నేళ్లూ కూర్చునే ఉన్నాను వదినా. అన్నయ్య తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లంటాడని చిన్నప్పటి నుంచీ తెలుసు నాకు. తెలిసి కూడా నా కుందేలుని నేనే వదిలేశాను. అదే మండుతోంది ఎక్కువగా.

వస్తాను. గంట శ్రుతిలో ఎత్తుకుంటాను. ఎవరి గొంతు చిరిగితే వాళ్లు కుట్టించుకోండి, టైలరు ఉన్నాడుగా. ఈ మాట అన్నయ్యతో చెప్పు. చెప్పకపోతే నా మీద ఒట్టే.

మీ ఆడపడుచు


హాలు ఆఫీసు గది,
చలి మొదలైంది.

కీచురాయీ,

ఒట్టు పెట్టావు కాబట్టి చెప్పాను. "సరే" అన్నారు. అంతే. నేనూ ఆయన తరఫున వకాల్తా పుచ్చుకోను. నీ కోపం నీ హక్కు. ఆ నర్సు సంగతి చదివి నేను ఏడ్చాను, ఆ మాట కూడా రాస్తున్నాను.

కాని జరిగింది జరిగినట్టు చెప్పాలి కదా. శనివారం బృందం వచ్చింది. మీ అన్నయ్య గంట ముందు నిలబడి, "మనం దిగిపోయాం. నేను దింపాను. సభ రోజు అదొక్కతే సరిగ్గా పాడింది, నేను కూర్చోబెట్టాను" అన్నారు. అందరి ముందూ అన్నారు. పోస్టాఫీసులో పనిచేసే ఆవిడ కళ్లు తుడుచుకుంది. మిగతావాళ్లు కుక్కిన పేనుల్లా కూర్చున్నారు. తర్వాత గంట కొట్టి, "ఇక్కణ్నుంచి" అన్నారు.

చూడాలి ఆ అవస్థ! మొదటి చరణం ఎలాగో లాక్కొచ్చారు. రెండో చరణం పైకి వెళుతుంది కదా, అక్కడ ఒక్కొక్కరే రాలిపోయారు. టైలరు గారికి దగ్గు తెర, ఆగదు. "నిచ్చెన ఇప్పించమ్మా, ఎక్కి పాడతాను" అంటాడాయన ఆ దగ్గులోనే. నవ్వు మొహం పెట్టారు గాని ఎవరికీ నవ్వు రాలేదు. వాళ్లకి మిగిలిన సరదా ఈ శనివారం ఒక్కటే. చివరికి పాత చోటికే దిగి పాడుకున్నారు, దొంగతనం చేసినట్టు తలలు వంచుకుని.

మీ అన్నయ్య మాత్రం రోజూ కొట్టు షట్టరు సగం దించుకుని ప్రయత్నిస్తున్నారు. టీ తీసుకెళితే ఆపేస్తారు.

గంట మళ్లీ దూలానికి కట్టించారు. తాడు కొత్తది.

ఏ శ్రుతిలో ఎత్తుకుంటావో నీ ఇష్టం. దిగమని నేను అడగను. అలా అడగడానికి నాకు నోరు లేదు. నువ్వు వస్తే చాలు. పెద్దది రోజూ, "అత్త పాడుతుందా?" అని ప్రాణం తీస్తోంది.

నీ వదిన


ఆసుపత్రి లాండ్రీ.

వదినా,

సెలవు దొరికింది. పెళ్లి ముందు రోజు మధ్యాహ్నం బస్సుకి వస్తాను. బస్టాండుకి ఎవరూ రావక్కర్లేదు, దారి మర్చిపోలేదు.

పెద్దదానితో చెప్పు, పాడతానని.

నేను


హాలు ఆఫీసు గది,
పెళ్లయిన వారానికి.

నా కీచురాయీ,

పెళ్లి చేసి చూడు అంటారు. చేశాను, చూశాను, ఇక నాకేమీ చూడాలని లేదు. పాదాలు ఇంకా వాచే ఉన్నాయి. కుర్చీలు వెనక్కి పంపాను, నేల కడిగించాను, పెద్దది అత్తారింటి నుంచి రోజూ ఫోన్ చేసి ఉప్పు డబ్బా ఎక్కడుందో అడుగుతోంది. వాళ్లింట్లో డబ్బా నాకేం తెలుస్తుందే!

నువ్వు ఆ సాయంత్రమే బస్సెక్కేశావు. నీతో నాలుగు మాటలు మాట్లాడలేదన్న దిగులు తీరడం లేదు. పాట వేళకి నేను భోజనాల దగ్గర ఉన్నాను. మొదలవుతోందని గరిటె చేత్తోనే గుమ్మం దాకా పరుగెత్తుకొచ్చాను. మీ అన్నయ్య గంట తాడు తెచ్చి నీ చేతిలో పెట్టారు. అంత మంది ముందు, తల వంచి. తాడు పట్టుకుని నువ్వు పైకి చూశావు. కొడతావనుకున్నాను. హాలంతా అదే అనుకుంది. టైలరు గారు గొంతు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు పాపం.

నువ్వు తాడు మెల్లగా వదిలేసి, కళ్లు మూసుకుని ఎత్తుకున్నావు. కింద. వాళ్ల చోట. ఒక్కరికీ ఇబ్బంది లేకుండా అందరూ వచ్చి కలిశారు. దూలాలు మోగాయి అనుకో! పెద్దది ఏడుస్తూ నవ్వింది. నేను గరిటెలో పులుసు చీర మీద పోసుకున్నాను.

గెలిచి కూడా దిగావు చూడు, అది నీ మనసు. నీ కోపం ఉత్తరం చదివినదాన్ని కాబట్టి దాని బరువు నాకు తెలుసు. ఊరంతా అదే చెప్పుకుంటోంది. మీ అన్నయ్యని బస్టాండు దాకా పంపాను, ఆయన వచ్చి ఒక్క ముక్క చెప్పలేదు. గంట కింద కూర్చున్నారు చాలాసేపు. ఏమన్నారు నీతో? నువ్వేమన్నావు?

నీ వదిన


ఆసుపత్రి లాండ్రీ,
సాయంత్రం, యంత్రాలు ఆపాక.

వదినా,

నువ్వు పొగిడినదంతా చదివి, నిజం రాయకుండా ఉంటే ఎంత బాగుండు అనిపించింది. ఒక రోజంతా అలాగే ఉన్నాను కూడా. కాని నీకు అబద్ధం చెప్పలేను.

నాది పెద్ద మనసు కాదు. నాకు అందలేదు.

కోపంగా ఉత్తరం రాసిన మర్నాడే ఇక్కడ యంత్రాల మధ్య నిలబడి పాడి చూశాను. ఆ మోతలో ఎవరికీ వినిపించదు కదా. పైకి వెళ్లేసరికి గొంతు తెగిపోయింది. చాలా రోజులైంది, తుప్పు వదలాలి అనుకున్నాను. రోజూ పాడాను. తుప్పు వదల్లేదు. అందుకే నీకు అంత చిన్న ఉత్తరం రాశాను.

పెళ్లి ముందు రోజు మీరంతా బట్టలు సర్దుకుంటుంటే హాల్లోకి ఒక్కదాన్నే వెళ్లాను. గంట మీద గోటితో కొట్టాను, చిన్నగా. కొట్టే ముందే ఆ స్వరం మనసులో అనుకున్నాను, సరిపోతుందో లేదో చూద్దామని. వెంట్రుకంత తేడా లేదు వదినా. చెవి పోలేదు. ఇన్నేళ్లూ గంట దాంట్లోనే ఉంది. పాడబోతే గొంతు రాలేదు. వాడని గొంతు కదా, ఎవరూ లేని ఇంటి తాళంలా పట్టేసింది. మెల్లగా కిందికి దిగుతూ వెతికాను, ఎక్కడ హాయిగా ఉంటుందా అని. ఎక్కడ ఆగిందో తెలుసా? అన్నయ్య దగ్గర. సరిగ్గా అక్కడే. ఒక తల్లి పిల్లలం కదా, గొంతులు కూడా కూడబలుక్కుని ముసలివైనట్టున్నాయి.

మర్నాడు అన్నయ్య తాడు తెచ్చి నా చేతిలో పెట్టాడు. గంట కొట్టి ఉంటే అందరికంటే ముందు పడిపోయేదాన్ని నేనే. అందుకని వదిలేశాను.

పాడుతున్నంతసేపు బాగుంది. అది కూడా నిజమే.

బస్టాండులో అన్నయ్య నా సంచి పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. బస్సు స్టార్ట్ చేశాక అడిగాడు, "మా కోసం దిగావా?" అని. అవుననేస్తే సరిపోయేది. పుణ్యమూ దక్కేది. "లేదన్నయ్యా, నాకూ అందలేదు" అన్నాను.

సంచి ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకున్నాడు. తర్వాత, "ఆ రోజు నిన్ను కూర్చోబెట్టకపోతే అందేది" అన్నాడు.

నేను కాదనలేదు వదినా. పర్వాలేదులే అన్నయ్యా అని నోటి చివరి దాకా వచ్చింది, అనలేదు. అది అబద్ధమవుతుంది. సంచి తీసుకుని బస్సెక్కాను. కిటికీలోంచి చూస్తే దెబ్బలు తిన్న పిల్లాడిలా అక్కడే నిలబడి ఉన్నాడు. బస్సు కదిలాక తల బయట పెట్టి అరిచాను, "చిన్నదానికి గంట నుంచి నేర్పు! నేను నెలనెలా వస్తాను!" అని. పక్క సీటు ఆవిడ ఉలిక్కిపడింది. ఇంత గొంతు నాలో ఇంకా ఉందా అని నేనూ ఉలిక్కిపడ్డాను. అన్నయ్య చెయ్యెత్తాడు. ఈసారి ఆపడానికి కాదులే.

నీ చిన్న కూతురికి పాట అంటే బద్ధకమని రాశావు ఒకసారి. మొట్టికాయలు అన్నయ్య వేస్తాడు, బెల్లం ముక్కలు నేను పెడతాను. దాని గొంతు పైకి వెళ్లేదాకా గంట దించనివ్వకు. తలుపుకి అడ్డం కావాలంటే ఇటుక పెట్టుకో.

రేపు డ్యూటీ అయ్యాక పిల్లల వార్డుకి వెళుతున్నాను. కొత్త హెడ్ నర్సుని నేనే వెళ్లి అడిగాను. కింది శ్రుతిలో పాడతానంటే, "పిల్లలు నిద్రపోవడానికి అదే మంచిది" అంది.

నీ కీచురాయి